ఎవరికేది పడదు

"చెయ్యి చాపండమ్మా, కదపకండి," అంటూ రోజుకు ఇరవై మంది ముంజేతుల మీద చుక్కలు పెడతాను. ఒక్కో చుక్కలో ఒక్కో వస్తువు సారం ఉంటుంది. ఇంటి దుమ్ములో పురుగు, బొద్దింక, బూజు, రోడ్డు పక్క కలుపు మొక్క పుప్పొడి, రొయ్య, గుడ్డు, వేరుశనగ. చుక్క మీంచి సూదితో చిన్నగా గుచ్చి పావుగంట ఆగితే, పడనిదేదో చర్మమే దద్దురై చెబుతుంది. ఆ దద్దురును స్కేలుతో కొలిచి రాయడం నా పని. పదకొండేళ్ళుగా అదే పని.

ఈ ప్రాంతంలో ఎక్కువమందికి ఏవేవి పడటం లేదో తేల్చమని మా క్లినిక్ డాక్టరుగారు చెబితే, ఆరేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని, నెలకు పది పన్నెండు మంది చొప్పున ఏరి, ఎనిమిది వందల పన్నెండు మంది వివరాలు పట్టికలోకి ఎక్కించాను. అన్నిటికన్నా పైన దుమ్ము పురుగు, దాని కింద బొద్దింక, ఆ తర్వాత పుప్పొడి. దుమ్ము పడనివాళ్ళలో మగవాళ్ళకు రెట్టింపు మంది ఆడవాళ్ళున్నారు. ఇల్లు ఊడ్చేదెవరో, పరుపులు దులిపేదెవరో కూడా అడిగి పక్కన ఇంకో గడి గీశాను. డాక్టరుగారు చూసి నవ్వారు. "ఇంటి గోల సైన్సులోకి ఎందుకమ్మా? ఆ గడి తీసెయ్." తీసేశాను. ఆ పట్టికతో రాసిన వ్యాసాన్ని సదస్సులో చదివి వచ్చిన రోజు ఆయన నాకో కప్పు టీ ఇప్పించారు.

కొత్త సీసాలు వచ్చినప్పుడు వాటిని నా చేతి మీదే సరిచూసుకోవడం అలవాటు. పోయినేడు అలా వేరుశనగ చుక్క పెట్టుకుంటే పదమూడు మిల్లీమీటర్ల దద్దురు లేచింది. చిన్నప్పుడు అవి తింటే నాలుక దురద పెట్టేది. పెళ్ళయ్యాక రెండుసార్లు మొహం ఉబ్బింది. "ఇక ముట్టుకోవద్దు. ఈసారి గొంతు మూసుకుపోతుంది," అని డాక్టరుగారు ఒక ఇంజెక్షన్ మందు, సిరంజి ఉన్న చిన్న డబ్బా ఇచ్చి, ఎప్పుడూ సంచిలో ఉంచుకోమన్నారు.

ఇంట్లో చెప్పాను. "ఇదెక్కడి రోగమే, మా ఇంటా వంటా లేదు!" అంది అత్తయ్య. "ఇవాళ వేరుశనగ పడదంటావు, రేపు అన్నం పడదంటావు, ఎల్లుండి అత్త పడదంటావు." మా ఆయన పడీ పడీ నవ్వాడు.

ఆయన నవ్వు ఏ క్షణాన చేతుల్లోకి దిగుతుందో నాకు తెలుసు. పెళ్ళయిన మూడో నెలలో, ఉప్పెక్కువైందని విసిరిన పళ్ళెం నా కనుబొమ్మను చీల్చింది. ఇంకోసారి నా వేళ్ళు తలుపు సందులో ఉండగా, చూస్తూ చూస్తూ తలుపేశాడు. ఆ వారమంతా చూపుడువేలికి కట్టుతో, బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ సూది పట్టుకుని నూరుమందికి గుచ్చాను. అడిగినవాళ్ళకు "తలుపు పడింది" అని చెప్పాను, అదేదో తనంతట తానే వచ్చి పడినట్టు. నా మాట ఆయన నమ్మకపోవడం కొత్త కాదు. కానీ స్కేలు పెట్టి కొలిచిన దద్దురును కూడా నమ్మడని మాత్రం అనుకోలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన వంటింట్లోకి వచ్చి, "నువ్వెళ్ళి స్నానం చేసి రా. కూర నేను చూస్తాలే," అన్నాడు. పధ్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి. నీళ్ళు పోసుకుంటూ మురిసిపోయాను. జరిగినదాంట్లో ఇప్పటికీ నాకు అన్నిటికన్నా సిగ్గనిపించేది ఆ మురిపెమే.

నాలుగో ముద్దకు నాలుక మొద్దుబారింది. పెదవులు నావి కానట్టయ్యాయి. "ఏం వేశారు ఇందులో?" అన్నాను. ఆయన అత్తయ్య వైపు తిరిగి, "చూశావా అమ్మా, తింటూనే ఉంది, ఏమైనా అయిందా? గుప్పెడు వేరుశనగ పొడి కలిపాను. పదమూడు మిల్లీమీటర్లట!" అన్నాడు.

లేచాను. కుర్చీ పడిపోయింది. లోపలికి పీల్చిన గాలి ఈల వేస్తూ సగంలోనే ఆగుతోంది. గోడకు తగిలించిన సంచిలోంచి డబ్బా తీసేసరికి ఆయన లాక్కుని, రెండో చేత్తో చెంప పగలగొట్టాడు. "నాటకాలాపు. మంచినీళ్ళు తాగితే అదే పోతుంది."

"ఒరేయ్, దాని మొహం నల్లబడుతోందిరా! ఇచ్చెయ్ రా!" అంది అత్తయ్య. ఆయన డబ్బాను తల మీదికెత్తి పట్టుకున్నాడు, పిల్లల్ని ఆటపట్టించినట్టు.

నా భుజం పట్టుకున్న ఆయన మణికట్టు మీద పళ్ళు దించాను. దించి వదల్లేదు. చర్మం తెగింది, ఆ కింద ఇంకేదో తెగింది, నోరంతా ఉప్పగా అయింది. ఆయన కేక పెట్టి, జుట్టు పట్టుకుని నా తలను గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. డబ్బా కింద పడింది, దాని మీద నేను పడ్డాను. మందున్న గాజు గొట్టం మెడ విరుస్తుంటే గాజు నా బొటనవేలిలో దిగింది. నడుం మీద తన్నాడు. కళ్ళకు సిరంజి మీది గీతలు కనిపించడం లేదు. అందాజుగా సగం మందు సిరంజిలోకి లాగి, బట్ట మీంచే తొడలోకి పొడుచుకున్నాను. నా జన్మలో ఎవరినీ అంత గట్టిగా గుచ్చలేదు.

పక్కింటివాళ్ళు మా ఇద్దరినీ ఒకే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన మణికట్టుకు ఏడు కుట్లు, నా తలకు తొమ్మిది. ఎలా జరిగిందని అక్కడి డాక్టరమ్మ అడిగితే అత్తయ్యే జవాబు చెప్పింది. "పొరపాటున తినేసిందమ్మా. ఊపిరాడని కంగారులో వాణ్ణి కరిచింది, తనే గోడకు గుద్దుకుంది." అలా చెబుతూనే దుప్పటి కింద నా పాదం నిమురుతోంది. ఆ నిమరడంలో ప్రేమ లేదని అనలేను. నా నాలుక ఇంకా తిరగడం లేదు. డాక్టరమ్మ చేతిలోని కలం సైగతో అడిగి తీసుకుని కాగితం మీద రాశాను. "తెలిసే పెట్టాడు. మందు అందకుండా పట్టుకున్నాడు. పోలీసులను పిలవండి." అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

కేసు నడుస్తోంది. నేను అద్దె గదిలో ఉంటున్నాను. అత్తయ్య ఒకసారి వచ్చి, "మొగుణ్ణి జైలుకు పంపి ముద్ద ఎలా దిగుతోందే నీకు?" అంది. "ఇప్పుడే బాగా దిగుతోంది అత్తయ్యా," అన్నాను.

నెల తర్వాత పనిలో చేరి, రిజిస్టర్లు మళ్ళీ తీశాను. తిండి పడదని తేల్చి, జాగ్రత్తలు చెప్పి పంపినా, అదే తిని మళ్ళీ ఒళ్ళు ఉబ్బి వచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది. వాళ్ళలో ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు. ఆ ఆడవాళ్ళ ప్రతి పేరు పక్కనా ఒకటే మాట, నా చేతిరాతతో: "అజాగ్రత్త." ఇరవై ఆరుసార్లు రాశాను. ఒక్కసారీ అడగలేదు.

క్లినిక్ ఖాళీ అయ్యే భోజనాల వేళకు మొదటి నంబరుకు ఫోన్ చేశాను. రొయ్యలు పడని కుట్టుపనామె, నాలుగుసార్లు వచ్చింది.

"అలెర్జీ క్లినిక్ నుంచమ్మా. అప్పుడు రొయ్యలు మీరే తిన్నారా, ఎవరైనా తెలిసి పెట్టారా?"

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఎవరే ఫోన్లో?" అంది మగగొంతు. "రాంగ్ నంబరండీ," అందామె. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. నడిచిన అడుగులు వినిపించాయి, తలుపు గడియ పడింది.

"రాసుకోండి," అంది.