కూర్చున్న ముప్పై ఎనిమిది

రెండువేల ఒకటో సంవత్సరం ఆగస్టు ఇరవై ఐదో తేదీ, శనివారం, ఉదయం ఎనిమిదింటికి ఇంకా ఇరవై నిమిషాలుందనగా, ఎల్వా డాలెన్‌బర్గ్ పెరట్లో బట్టల తీగమీద ఉన్న ముప్పై ఎనిమిదో నంబరు జెర్సీ లేచి నిలబడింది.

అప్పటికి ఎల్వా ఆ చివరనుంచి క్లిప్పులు తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంటూ వస్తోంది. తర్రబూల్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలు ఉతకడం ఆ ఇంటికి అత్తగారి కాలంనుంచి వస్తున్న పని. శనివారం ఆట అయ్యాక బురద ముద్దల్లాంటి జెర్సీలు సంచిలో కుక్కి వరండాలో పడేసి పోతారు. ఆదివారం ఎల్వా ఆ సంచిని ముట్టుకోదు. అది దేవుడి రోజు. సోమవారం పొద్దున్నే ప్రార్థన చేసుకుని నీళ్లు కాచి మొదలుపెడుతుంది. ఆ దేశంలో ఆగస్టంటే చలికాలం. ఆ చలిలో, ఆగీ ఆగని తుంపరలో, అవన్నీ ఆరేసరికి మళ్లీ శనివారం వచ్చేస్తుంది.

ఆరేటప్పుడు జెర్సీలు ఆడతాయి. గాలి ఉన్నా లేకపోయినా ఆడతాయి. ఏ నంబరుని ఎవరు ఎక్కువ మనసుపెట్టి తొడుక్కున్నారో ఆ మనిషి ఒళ్లు అందులోకి వచ్చి నిండుతుంది. నాలుగో నంబరు, ఎప్పుడో పోయిన బేకరీ హెర్మన్. ఇప్పటికీ ఎడమ భుజం ముందుకు పెట్టి పక్కవాణ్ణి గుద్దబోతుంది, అందుకని దాని పక్కన మేజోళ్లు ఆరేస్తుంది ఎల్వా. పదకొండో నంబరు ఆల్ఫ్, ఆమె భర్త. పోయి ఆరేళ్లయింది. ఇప్పుడా నంబరు వేసుకుని ఆడేది మాంసం కొట్లో పనిచేసే అబ్బాయి. తీగమీదికి వచ్చేసరికి మాత్రం అది ఆల్ఫే. ఎవరి భుజాలమీదుగానో ఎగిరి బంతి అందుకోబోతున్నట్టు సాగిపోతుంది. సోమవారం టీ ఎల్వా దాని పక్కన నిలబడి తాగుతుంది. మాట్లాడదు. ఆయన బతికున్నప్పుడు కూడా ఆట మధ్యలో పలకరిస్తే ఆయనకి నచ్చేది కాదు.

ముప్పై ఎనిమిది మాత్రం కూర్చుంటుంది.

మిగతావన్నీ పాతబడి కొత్తవి వచ్చాయి గాని అది ఆనాటి ఉన్ని జెర్సీయే, పొడుగు చేతులది. దాన్ని తొడుక్కుంటే ఆ రోజు ఆట దక్కదని కుర్రాళ్లకి భయం. ఎవరూ వేసుకోకపోయినా వానలో తడిసినట్టు ప్రతి శనివారం అదీ తడిసి సంచిలో వస్తుంది. తీగమీద వేస్తే నడుం దగ్గర మడతపడి, చేతులు రెండూ లేని మోకాళ్లమీద ఆనించి, బల్లమీద కూర్చున్న మనిషిలా ఉండిపోతుంది. దారిన పోయేవాళ్లు కంచె మీదుగా చూసి, "ముప్పై ఎనిమిది ఇంకా కూర్చునే ఉంది" అనుకుంటూ వెళ్లిపోతారు.

అది క్లెమ్ నోస్కేది. ఎల్వా తమ్ముడు.

అరవై ఏడులో ఫైనల్ ఆట. బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే వాళ్ల ఫుట్‌బాల్‌లో మైదానంలోకి దిగేది పద్దెనిమిది మంది. ఎవరికైనా దెబ్బ తగిలితే దిగడానికి ఇద్దరు బల్లమీద కూర్చుంటారు. క్లెమ్ పందొమ్మిదోవాడు. చివరి భాగంలో ఒకడి మెడ ఎముక విరిగింది. కోచ్ హేట్లీ వెనక్కి తిరిగి, "నోస్కే! దిగు!" అని అరిచాడు. క్లెమ్ లేవలేదు. మళ్లీ అరిచాడు. లేవలేదు. ఇరవయ్యోవాడు దిగాడు. ఆట ముగియబోతుండగా ఆల్ఫ్ గోల్ కొట్టాడు, ఊరు గెలిచింది.

పిలిస్తే లేవలేదు. క్లెమ్ గురించి తర్రబూల్‌కి తెలిసింది ఆ ఒక్క మాటే. ధాన్యం గోదాముల దగ్గర పనిచేశాడు, పెళ్లి చేసుకోలేదు, అక్క ఇంటి వెనక పెరటి గదిలో ఉండిపోయాడు. ప్రతి ఆదివారం బల్ల దగ్గర కాల్చిన గొర్రెమాంసం కోస్తూ ఆల్ఫ్ ఆ గోల్ కథ చెప్పేవాడు. వచ్చిన చుట్టం ఎవరైనా సరే, మొదటినుంచీ. కొన్నాళ్లకి క్లెమ్ తన పళ్లెం పట్టుకుని పెరటి గదికి పోవడం మొదలుపెట్టాడు. ఆల్ఫ్ పోయాక కూడా పళ్లెం అటే వెళుతోంది. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు, రెండు దీపాల కింద రెండు భోజనాలు. ఎల్వా తినేముందు చెప్పే ప్రార్థనలో తమ్ముడి పేరు చెబుతుంది. తలుపు అవతల ఫోర్కు చప్పుడు వినబడుతుంది.

ఈ శనివారంతో తర్రబూల్ క్లబ్బు అయిపోతుంది. కుర్రాళ్లు లేరు. వచ్చే ఏడాదినుంచి పక్క ఊరు వెర్రాప్‌తో కలిపేస్తున్నారు, రంగులు వేరు, జెర్సీలు వేరు. పాతవాటిని అద్దాల బీరువాలో పెడతారట. అంటే ముప్పై ఎనిమిది అద్దాల వెనక కూర్చుంటుంది, ఇక ఎప్పటికీ.

అలాంటి ఉదయాన అది లేచింది. ముందు చేతులు మోకాళ్లు వదిలాయి, తరవాత నడుం నిటారయింది. ఎల్వా చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది.

"ఎల్వా పిన్నీ! సంచి సిద్ధమేనా?" అంటూ గేటు తోసుకుని వచ్చాడు కోల్ హేట్లీ. రెండో జట్టు కోచ్. అప్పటి కోచ్‌గారి కొడుకే. తీగవైపు చూసి ఆగాడు. "ముప్పై ఎనిమిది లేచిందే."

"లేచింది."

"మంచిదైంది. పదిహేడుమందే ఉన్నాం పిన్నీ. లేన్ రానన్నాడు, గొర్రెలు ఈనుతున్నాయట. క్లెమ్ బాబాయ్ ఉన్నాడా?"

క్లెమ్ పెరటి గదిలో రేడియో విప్పదీసుకుని కూర్చున్నాడు. శనివారం ఆయన రేడియో ఎప్పుడూ బాగుచేస్తూనే ఉంటాడు, మైదానంలో అరుపులు వినబడకుండా.

"నీకేమైనా పిచ్చా కోల్? నాకు అరవై రెండు."

"పరిగెత్తమన్నానా? మూలన నిలబడు చాలు. బంతి నీ దగ్గరికి రాదు, పూచీ నాది. అంత బాగా తన్నేవాడు మనలో ఎవడున్నాడు?"

"మోకాలు వంగదు."

"నా ముందువరసలో ఎవడికీ వంగదు బాబాయ్, కలిసిపోతావు. పద్దెనిమిదో మనిషి లేకుండా ఆఖరి ఆట ఆడామంటే వెర్రాప్‌వాళ్లు చచ్చేదాకా చెప్పుకుంటారు."

క్లెమ్ స్క్రూ ఒకటి తీసి మళ్లీ పెట్టాడు. "బూట్లు లేవు" అన్నాడు.

ఎల్వా బట్టలుతికే షెడ్డులోకి వెళ్లి, పై అరమీదనుంచి పాత దుప్పటి ముక్కలో చుట్టిన జత తెచ్చింది. తోలు నల్లగా, మెత్తగా ఉంది. ఏటా గొర్రెకొవ్వు రాస్తూ వచ్చిన తోలు. తమ్ముడి ఒళ్లో పెట్టింది.

"ఇవి నీవి."

క్లెమ్ కుడి బూటు తిప్పి మడమ చూశాడు. అక్కడ తాను కొట్టుకున్న రాగిమేకు. "నీకు తెలుసా అక్కా?"

"ఆ సాయంత్రం బురద కడుగుతుంటే మేకు చేతికి తగిలింది. అడిగితే ఆల్ఫ్ చెప్పాడు. తన బూటు అడుగు ఊడిపోయిందనీ, ఎలాగూ కూర్చునే ఉన్నాను కదా అని నువ్వే విప్పి ఇచ్చావనీ. రేపు అందరికీ చెబుతానన్నాడు."

"బావకి రేపులు చాలా ఉండేవి."

"ఆయన నోటితో రావాల్సిన మాట అని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

"వెధవది, ఆయన కాలికి అవే బాగా కుదిరాయి అక్కా. నా కాళ్లకైతే ఆ గోల్ పడేదా?" క్లెమ్ తాళ్లు వేళ్లకి చుట్టుకుంటూ నవ్వబోయాడు, నవ్వు పూర్తిగా రాలేదు. "మేజోళ్లతో దిగుదామనే అనుకున్నాను. అప్పుడు అందరూ అడుగుతారు, బూట్లేవీ అని. ఆయన అవి వేసుకుని మైదానంలో ఉన్నాడు, విప్పమంటారు."

గుమ్మంలో కోల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పిలిస్తే లేవలేదన్న మాట ఊరంతా మోసింది వాళ్ల నాన్నే. "నీ నిక్కరు కొలతెంత బాబాయ్?" అన్నాడు.

*

మైదానం చుట్టూ కార్లు ముక్కు లోపలికి పెట్టి నిలబడ్డాయి. ఎల్వా తన కారులో దుప్పటి కాళ్లమీద కప్పుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుంది. గోల్ పడితే కార్లన్నీ హారన్ కొడతాయి. ఎల్వా తన జన్మలో కొట్టలేదు, ఆల్ఫ్ గోల్‌కి కూడా. చప్పుడు చేయడం ఆమెకి చేతకాదు.

క్లెమ్ ముప్పై ఎనిమిది తొడుక్కుని గోల్ స్తంభాల దగ్గర మూలన నిలబడ్డాడు. ఆయన్ని కాపలా కాయాల్సినవాడు వెర్రాప్ కుర్రాడు, ఎర్రగడ్డం, తలుపంత ఒళ్లు.

"దారి తప్పావా తాతా? కాంటీను అటుపక్క."

"తెలుసు. నీకేమైనా తేవాలా?"

"వేడిగా రెండు మాంసం పఫ్‌లు ఉంటే పట్రా. నువ్వెళ్లొచ్చేసరికి కూడా బంతి ఇటు రాదు."

నిజంగానే రాలేదు. బంతి అవతలి కొసనే తిరిగింది, వెర్రాప్ గోల్ మీద గోల్ కొట్టింది. అవతలివైపు హారన్లు మోగుతూనే ఉన్నాయి. విరామంలో కుర్రాళ్లందరూ నారింజ ముక్కలు నములుతూ గడ్డిలో కూలబడితే క్లెమ్ మాత్రం నిలబడే తిన్నాడు. "కాసేపు కూర్చో బాబాయ్" అని ఎవరో అంటే, "కూర్చున్నది చాల్లేరా" అన్నాడు.

చివరి భాగంలో ఎవడో దిక్కుతోచక తన్నిన బంతి, కోలగా ఉండే ఆ బంతి, నేలకి తగిలి తనకిష్టమైన వైపు ఎగిరి, క్లెమ్ ఎదురుగా వచ్చి పడింది. ఆయన వంగాడు. వెనకనుంచి ఎర్రగడ్డం రెండు చేతులతో వీపుమీద తోశాడు. క్లెమ్ మొహం బురదలోకి వెళ్లింది. ఈల మోగింది.

కార్లన్నీ నిశ్శబ్దం. కుర్రాడు గాభరాగా చెయ్యి అందించాడు. "లే తాతా. లేవగలవా?"

"పిలిచావుగా," అన్నాడు క్లెమ్. "లేస్తున్నా."

ఫ్రీ కిక్. క్లెమ్ బంతిని రెండు చేతుల్లో పట్టుకుని వెనక్కి నడిచాడు, అవసరమైనదానికంటే ఎక్కువే నడిచాడు. ఎత్తైన స్తంభాలు రెండు, వాటికి చెరోపక్క పొట్టివి. ఎత్తైనవాటి మధ్య పడితే గోల్, ఆరు పాయింట్లు. పరిగెత్తినట్టుగా వచ్చి తన్నాడు. బంతి పెద్ద ఎత్తు లేవలేదు, గింగిరాలు తిరుగుతూ వెళ్లి, ఎత్తైన స్తంభానికి ఎడమగా జారి, పొట్టిదానికి లోపలగా గీత దాటింది. తెల్లకోటు అంపైరు ఒక్క వేలు చూపించి ఒక్క జెండా ఊపాడు.

ఒక పాయింటు. గురి తప్పినవాడికి కూడా ఒక పాయింటు ఇచ్చే ఆట అది.

పాయింటుకి ఎవరూ హారన్ కొట్టరు. కొడితే ఆట తెలియనివాళ్లనుకుంటారు. ఎల్వా కుడిచేతి తొడుగు తీసేసి, అరచెయ్యి మొత్తం ఆనించి హారన్ నొక్కింది. నొక్కి తియ్యలేదు. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడింది, అయినా తియ్యలేదు. తరవాత కోల్ వాళ్ల ట్రక్కు మోగింది. ఆ పక్క కారు. ఆ తరవాత మైదానం చుట్టూ అన్నీ, చివరికి వెర్రాప్‌వాళ్లవి కూడా. ఎర్రగడ్డం కుర్రాడు క్లెమ్ వీపుమీది బురద అరచేత్తో తుడుస్తున్నాడు.

ఎంత తేడాతో ఓడిపోయారో తర్రబూల్‌లో ఎవరూ చెప్పరు.

*

మర్నాడు ఆదివారం. ఎల్వా లేచి ప్రార్థన చేసుకుని పెరటి తలుపు తీసింది. తీగమీద ఒకే ఒక్క జెర్సీ ఉంది. మిగతావన్నీ సంచిలోనే ఉన్నాయి, దాన్ని మాత్రం క్లెమ్ తనే ఉతికి ఆరేసుకున్నాడు. ఆదివారం ఉతకకూడదన్న మాట నోటిదాకా వచ్చింది గాని, అనలేదు.

దగ్గరికి వెళ్లి చూసింది. ముప్పై ఎనిమిది కూర్చోలేదు, నిలబడలేదు. చేతులు రెండూ కిందికి వేలాడేసి, అంచులనుంచి నీళ్లు కారుస్తోంది. చేత్తో తట్టి చూసింది. ఉత్త ఉన్ని. అందులో ఎవరూ లేరు.

లోపలికి వచ్చి పొయ్యి వెలిగించి గుడ్డు పెనంమీద వేసింది. పెరటి గది తలుపు చప్పుడయింది. కుంటుకుంటూ అడుగులు. క్లెమ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో ఖాళీ పళ్లెం.

"ఇక్కడ చోటుందా అక్కా?"

ఎల్వా ఇంకో గుడ్డు కొట్టి వేసింది. తమ్ముడు మోకాలు పట్టుకుని, మూలుగుతూ, తన పాత కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తల వంచి భోజన ప్రార్థన చెప్పింది. చివర ఆమెన్ ఇద్దరి గొంతుల్లోనూ వచ్చింది. చర్చి గంటకి ఇంకా సమయముంది.

"ఊఁ, చెప్పు," అంది టీ పోస్తూ. "ఆ పాయింటు ఎలా కొట్టావో."

"నువ్వు చూశావుగా."

"కారు అద్దానికి ఆవిరి పట్టింది. మొదటినుంచీ చెప్పు."

క్లెమ్ టీ కప్పు దగ్గరికి లాక్కున్నాడు. తరవాత బూట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.