ముక్కుకు పైపు, చేతికి ముడి

దవాఖానలో చేర్చినప్పటి నుంచి కురుమయ్య మెతుకు ముట్టలేదు. ఎలా ముడతాడు? రెండు చేతులూ మంచానికి కట్టేసి ఉన్నాయి. ఎందుకు కట్టారయ్యా అంటే, సెలైన్ సూది పీకేస్తున్నాడని. పోనీ, కట్టింది పరాయివాళ్లా? కన్నకూతురు మంజులతే. "కట్టకపోతే మాతోని కాదు" అని సిస్టర్ గుడ్డపేలికలు చేతిలో పెడితే, తిట్టుకుంటూ తనే ముడి వేసింది.

మతి తప్పి ఇంటి దారి కూడా మరిచిపోతున్నాడనే భువనగిరి దగ్గర వృద్ధాశ్రమంలో ఉంచింది. అక్కడ జ్వరం తగిలింది. ఇప్పుడు జ్వరం తగ్గింది గానీ తిండి పంచాయితీ తెగడం లేదు.

"గిట్లనే తినకపోతే రేపు ముక్కుల పైపు ఏస్తరు" అంది సిస్టర్.

మంజులత ఆశ్రమం మేనేజరు నరేశ్‌కి ఫోన్ చేసింది.

"పైపు ఉంటే మేం తీసుకోమక్కా. చూసేటోళ్లు లేరు మా దగ్గర."

"మరి యాడికి తోల్కపోవాలె? నేను, మా ఆయన పొద్దున పోతే రాత్రికొస్తం. నాయిన్ని నెత్తిన పెట్టుకోని తిరగాల్నా?" అని అరిచి ఫోన్ పెట్టేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పెరుగన్నం కలిపి నోటి దగ్గర పెట్టింది. కురుమయ్య పళ్లు బిగించాడు. కాలు విరిగి మంచాన పడ్డప్పుడు కూడా పెళ్లాం చేత ముద్ద పెట్టించుకోని మనిషి. లోకమంతా మరిచాడు గానీ ఆ మొండితనం మరిచాడా, మహానుభావుడు!

"నీకు దండం పెడత నాయినా, జర నోరు తెరువు!"

తెరవలేదు. మంజులతకు విసుగుతో ఏడుపొచ్చింది. "నా పాణం తీయనీకే కన్నవా నన్ను?" అంటూ ఆయన కుడిచేతి ముడి విప్పి గిన్నె ఒళ్లో పెట్టింది.

"ఓ అమ్మా! సూది పీకుతడు!" సిస్టర్ ఉరికొచ్చింది.

కురుమయ్య సూది వంక చూడనేలేదు. అన్నం పిసికి ముద్ద చేశాడు. దాన్ని మంజులత నోటి దగ్గరికి తెచ్చాడు.

"తిను బిడ్డా. ఎవరి పిల్లవో గాని, పొద్దటి సంది గీడనే ఉన్నవ్. నీకు పెట్టేటోళ్లు లేరా?"

మంజులత నోరు తెరిచింది. ఆ తర్వాతే ఆయన తన నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. ఇంకోటి, ఇంకోటి. గిన్నె ఖాళీ అయింది.

"తిన్నడు గదా, పైపు అక్కర్లేదు. ఇగ కట్టు" అంది సిస్టర్.

మంజులత గుడ్డపేలిక తీసి పక్కన పడేసింది.

"నేను కట్ట" అంది. "చెయ్యి పట్టుకోని కూసుంట."