అందరి మాటా విన్న పిల్ల

ఆమె మందుల షాపులో పనికి చేరి పదకొండేళ్ళు దాటింది. డాక్టర్ల కోడిగీతల రాత ఆమెకి అచ్చుపుస్తకంలా కనిపించేది. ఏ బిళ్ళ తిన్నాక వేసుకోవాలో, ఏది తినకముందు వేసుకోవాలో మూడుసార్లు చెప్పి, నాలుగోసారి ఎదుటివాళ్ళ చేత చెప్పించుకుని గాని పంపేది కాదు. ఇన్‌హేలర్ కొనేవాళ్ళకైతే ఇంకా ఓపిగ్గా చూపించేది. "ముందు బాగా ఊపండి. ఊపిరంతా బయటికి వదలండి. ఇప్పుడు నొక్కుతూ నెమ్మదిగా పీల్చండి. పది లెక్కపెట్టేదాకా బిగబట్టండి." ముక్కూ మొహం తెలియని పెద్దాయనలు సైతం ఆమె చెప్పినట్టే చేసేవారు. ఆమె మాట వినంది ఇంట్లోవాళ్ళే.

ఇల్లంటే అక్కావాళ్ళ ఇల్లు. షాపుకి దగ్గరని ఆమె మేడ మీది గదిలో ఉండేది. తిండి మాత్రం కింద, అందరితోపాటు. అక్క బ్యాంకులో గుమాస్తా. బావ సిటీ బస్సు డ్రైవరు. బావ తల్లి ఇంటికి పెద్దదిక్కు. వీళ్ళందరి మధ్య, ఆమెని పిన్నీ అని పిలిచే పద్నాలుగేళ్ళ పిల్ల. చంటిదిగా ఉన్నప్పుడు ఊపిరి పీలిస్తే ఛాతీలో కీచుకీచుమనేదని నానమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. ఆ కీచుకీచు ఉబ్బసమని డాక్టరు తేల్చేసరికి పిల్లకి పన్నెండేళ్ళొచ్చాయి. అన్నేళ్ళూ ఇంటిల్లిపాదీ ఒక జబ్బుని ముద్దుపేరుగా పిలుచుకున్నారన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా పిన్నికి ఒళ్ళు మండేది.

డాక్టరు రెండు ఇన్‌హేలర్లు రాశాడు. ఒకటి ఆయాసం ఉన్నా లేకపోయినా పొద్దునా సాయంత్రం పీల్చాల్సింది. రెండోది నీలం రంగుది. ఆయాసం వచ్చినప్పుడు వాడాల్సింది, ఎప్పుడూ దగ్గర ఉండాల్సింది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ ఇంటికి తెచ్చిన రోజు నుంచీ దాని మీద తలొక మాట.

"ఒకసారి మొదలుపెడితే మానలేం. చిన్నపిల్లకి ఇప్పట్నుంచీ ఈ అలవాటేంటి?" అంది నానమ్మ.

"వాడనీండి గానీ నలుగురిలో మాత్రం బయటికి తీయొద్దు. ఆడపిల్ల. జబ్బుమనిషని ముద్ర పడిందంటే ఇక పోదు," అంది అక్క.

"వాలీబాల్ ఆడే పిల్లకి ఇవన్నీ ఎందుకసలు? రోజూ నాలుగు చుట్లు పరిగెత్తితే ఊపిరితిత్తులు అవే గట్టిపడతాయి," అన్నాడు బావ. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వంటగది వెనక గుమ్మంలో నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు.

"బావా, ఇంట్లో పొగ వద్దని డాక్టరు చెప్పాడు కదా," అంది ఆమె.

"బయటే కదా తాగుతున్నాను."

"తల బయట ఉంది. పొగ లోపలికొస్తోంది."

"గాలి ఇటు తిరిగితే నేనేం చేయను?"

గాలికి ఎవరు నచ్చజెబుతారు. ఆమె విసురుగా లేచి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. ఇలా మెట్లెక్కడం ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లో.

రోజూ పీల్చే ఇన్‌హేలర్ వెనక ఒక చిన్న కిటికీ ఉంటుంది. ఇంకా ఎన్ని డోసులు మిగిలాయో అందులో అంకె కనిపిస్తుంది. ఒక సోమవారం ఆ అంకె తొంభై నాలుగు. గురువారం మళ్ళీ చూసింది. తొంభై నాలుగే.

"వాడుతున్నావా?" అని అడిగింది పిల్లని.

"వాడుతున్నా," అంది పిచ్చుక, జడ వేసుకుంటూ.

"ఏది, నీలంది చూపించు."

పిల్ల బ్యాగంతా గుమ్మరించింది. పుస్తకాలు, మోకాలికి కట్టుకునే పట్టీలు, సగం విరిగిన దువ్వెన. నీలంది లేదు. పిల్ల బడికి వెళ్ళాక ఇల్లంతా వెతగ్గా అది నానమ్మ బీరువాలో, మడతపెట్టిన చీరల కింద దొరికింది.

"దాచిపెట్టానంటావేంటమ్మా, జాగ్రత్త చేశాను. ఎదురుగా కనిపిస్తుంటే ఊరికే పీల్చేస్తుంది," అంది నానమ్మ.

"అత్తయ్యా, అది ఊరికే పీల్చే వస్తువు కాదు. మంట ఆర్పే నీళ్ళలాంటిది. నీళ్ళు తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేస్తారా ఎవరైనా?"

"నీకు పెళ్ళా పిల్లలా. పిల్లల్ని పెంచడం నీకేం తెలుసు?"

అక్క ఆ మాట విని కూడా పేపరులోంచి తల ఎత్తలేదు. పిన్నికి కోపం నషాళానికి అంటింది. ఇంట్లోవాళ్ళకి చెప్పి లాభం లేదు, ఇక తనే చూసుకోవాలి అనుకుంది. ఆ మధ్యాహ్నమే షాపులో అరగంట అడిగి బడికి వెళ్ళింది. గ్రౌండులో వాలీబాల్ ప్రాక్టీసు జరుగుతోంది. వల పక్కన పన్నెండుమంది అమ్మాయిలు. ఆటల టీచరు ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇదిగో, ఇది ఇంట్లో వదిలేశావు," అంటూ నీలం ఇన్‌హేలర్ అందరి ముందూ పిల్ల చేతిలో పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. షాపులో చెప్పినట్టే మొదలుపెట్టింది. ఎలా ఊపాలో, ఎలా పీల్చాలో, వాడకపోతే ఊపిరాడక ఎలా పడిపోతుందో. స్నేహితురాళ్ళతో కూడా, "మీరూ కాస్త కనిపెట్టి ఉండండమ్మా," అని చెప్పింది. పిచ్చుక నేల చూస్తూ నిలబడింది. వెనక ఎవరో కీచుమని శబ్దం చేశారు, ఇద్దరు ముగ్గురు నోరు మూసుకుని నవ్వారు. తన పని సక్రమంగా పూర్తయిందన్న ధీమాలో ఆమె అదేమీ పట్టించుకోలేదు.

పదిహేను రోజులు గడిచాయి. అడిగినప్పుడల్లా పిల్ల వాడానంది. అంకె కూడా కిందికి దిగుతూ వచ్చింది. ఆమె స్థిమితపడింది.

ఒక బుధవారం పదకొండు గంటలకి షాపు ఫోను మోగింది. ఆటల టీచరు. "మీ అమ్మాయికి ఊపిరాడట్లేదండీ. బ్యాగులో మందు కనపడలేదు. అంబులెన్సుకి చెప్పాం. మీరు దగ్గర కదా అని..."

ఆమె షెల్ఫులోంచి నీలం ఇన్‌హేలర్, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం లాక్కుని పరిగెత్తింది. బడి రెండు వీధుల అవతలే. వెళ్ళేసరికి పిల్లని బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ ముప్పైమంది మూగి నోటుపుస్తకాలతో విసురుతున్నారు.

"జరగండి. దాన్ని కూర్చోబెట్టండి," అంది.

పిల్ల పెదాలు పాలిపోయాయి. మెడ దగ్గర చర్మం ఊపిరి ఊపిరికీ లోపలికి గుంజుకుంటోంది. మాట రావట్లేదు. ఆమె గొట్టం నోటికి పెట్టి ఒకసారి నొక్కింది. "పీల్చు. వదులు. ఇంకోసారి. తొందర లేదు." గొంతు షాపులో గొంతులాగే వచ్చింది. నాలుగోసారి నొక్కాక పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. అంతలో అంబులెన్సు వచ్చింది.

ఆస్పత్రిలో రెండు గంటల తర్వాత పిల్లకి ఊపిరి దారిలో పడింది. మొహానికి ఆక్సిజన్ మాస్కు, చేతికి సెలైను. అప్పటికి అక్క బ్యాంకు నుంచి, బావ డిపో నుంచి, నానమ్మ ఆటోలో ఇంటి నుంచి వచ్చి మంచం చుట్టూ చేరారు. పిల్ల కాస్త తేరుకుందని తెలియగానే మొదలుపెట్టారు.

"ఎక్కడ దాచారత్తయ్యా ఈసారి?" అంది పిన్ని.

"ఈసారి నేను కాదు," అంది నానమ్మ.

"మీరు కాకపోతే ఇంకెవరు?"

"నేను కాదంటుంటే. ఆ రోజు నువ్వు గొడవ చేశాక నేను దాని జోలికే పోలేదు."

"అసలు ఎండలో అంతసేపు ఎగరమన్నది ఎవరు? మీరే కదా," అంది అక్క బావతో.

"నేను పరిగెత్తమన్నాను, ఎగరమనలేదు," అన్నాడు బావ.

"అందరికీ తెలిసిపోయింది, అది చాలదా," అని అక్క కళ్ళు తుడుచుకుంది. కూతురికి ఊపిరాడనందుకు ఏడుస్తోందో, సంగతి బయటపడినందుకో పిన్నికి అర్థం కాలేదు.

పిల్ల మాస్కు పక్కకి లాగింది.

"నానమ్మ కాదు. నేనే. షూ డబ్బాలో పెట్టాను."

నలుగురూ మంచం మీదికి వంగారు.

"పొద్దునా సాయంత్రం పీల్చేది కూడా వాడట్లేదు. పిన్ని అంకె చూస్తుందని రోజూ గాలిలోకి నొక్కేశాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "అలవాటైపోతుందని నానమ్మ అంది, మానేశాను. ఎవరి ముందూ తీయొద్దని అమ్మ అంది, తీయలేదు. పరిగెత్తితే తగ్గుతుందని నాన్న అన్నాడు, పరిగెత్తాను. వాడావా అని పిన్ని అడిగితే, వాడానంటే గానీ ఊరుకోదు కాబట్టి వాడానన్నాను. అందరి మాటా విన్నాను. ఇంకా ఎవరి మాట వినాలి?"

'నేను చెప్పింది సరిగ్గానే చెప్పాను కదే' అన్న మాట పిన్ని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పిల్ల ఆమె వైపు తిరిగింది.

"నువ్వు గ్రౌండుకి వచ్చిన రోజు నుంచీ నేను సర్వీసు వేస్తుంటే కీచుకీచుమంటున్నారు. నీలంది తీస్తే ఇంకా అంటారు."

పిన్ని అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. పదకొండేళ్ళలో కొన్ని వేలమందికి ఎలా పీల్చాలో చెప్పింది. ఎందుకు వాడట్లేదని ఒక్కరినీ అడగలేదు. ఈ పిల్లని కూడా.

ఆస్పత్రి డాక్టరమ్మ ఈ గొడవంతా తెర అవతల నుంచి వింటూనే ఉంది. పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి అలసిపోయిన మనిషి. వచ్చి కాగితాల అట్ట మంచం మీద పెట్టి, "ఈ అమ్మాయి మందులు ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది.

నలుగురూ ఒకేసారి "నేను" అన్నారు.

"అదే వచ్చిన చిక్కు. ఇకమీద తన మందు తనే చూసుకుంటుంది. నెలకోసారి నా దగ్గరికి వస్తుంది, వాడకపోతే వాడలేదని నాకే చెబుతుంది. మీరు చేయాల్సింది అడ్డం రాకుండా ఉండటం. పెద్దమ్మా, దీనికి అలవాటు పడటమంటూ ఉండదు. ఇవాళ్టిలాంటిది ఇంకోసారి వస్తే మాత్రం మనం ఇలా మాట్లాడుకునే పరిస్థితి ఉండకపోవచ్చు. సార్, మీ చొక్కాకి పట్టిన సిగరెట్టు వాసన నాకు ఇక్కడిదాకా వస్తోంది. ఇంట్లో మీ పక్కనే ఉండే పిల్లకి ఇంకెంత వస్తుందో." తర్వాత పిల్ల వైపు వంగింది. "నీకేం కావాలి?"

ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. పిచ్చుక మాస్కు మళ్ళీ పక్కకి లాగింది.

"అందరూ ఒకేసారి మాట్లాడకూడదు. పిన్ని గ్రౌండుకి రాకూడదు."

"రాను," అంది పిన్ని.

తర్వాత అన్నీ చక్కబడిపోయాయని చెప్పడానికి లేదు. నానమ్మ నెలరోజులు మొహం ముడుచుకునే ఉంది. బావ సిగరెట్టు మానలేదు. వీధి చివరికి వెళ్ళి కాల్చి, చొక్కా మార్చుకుని గాని లోపలికి వచ్చేవాడు కాదు. వానలో కూడా గొడుగు వేసుకుని వెళ్ళేవాడు, గొణుక్కుంటూ. అక్క మాత్రం ఒకరోజు పక్కింటామె, "పాపం, మీ అమ్మాయికి ఏదో జబ్బట కదా?" అని అడిగితే, "ఉబ్బసం. మందు వాడుతోంది," అని చెప్పి లోపలికొచ్చి, పెద్ద బరువు దింపినట్టు మంచినీళ్ళు తాగింది.

వాడావా అని అడగకుండా ఉండటం పిన్నికి అన్నిటికన్నా కష్టమైంది. పొద్దున్నే మెట్ల మీదే ఆగి, నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగి షాపుకి వెళ్ళేది. అక్కడ ఇన్‌హేలర్ కొన్నవాళ్ళతో మాత్రం ఎలా వాడాలో చెప్పాక, "వాడటానికి ఇబ్బందేమైనా ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. జనం అప్పటిదాకా చెప్పని సంగతులు చాలా చెప్పారు. అత్తగారికి తెలియకూడదని ఒకరు, ఆఫీసులో నవ్వుతారని ఒకరు.

మూడు నెలలకి పిచ్చుక తనే మెట్లెక్కి వచ్చింది. "ఆదివారం మ్యాచ్. రావాలనుంటే రా. వచ్చి ఏమీ మాట్లాడకు."

నలుగురూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నారు. మూడో ఆటలో పిల్ల చెయ్యెత్తి టీచరుకి సైగ చేసి బయటికొచ్చింది. బెంచీ మీద కూర్చుని, అందరూ చూస్తుండగా నీలంది తీసి రెండుసార్లు పీల్చింది. అవతలి జట్టు పిల్ల ఒకతె అదేంటని అడిగితే ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. పది నిమిషాలకి మళ్ళీ లోపలికి వెళ్ళింది. పిన్ని తన రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చుంది.

మ్యాచ్ ఓడిపోయారు. ఇంటికి నడిచి వస్తుంటే, సర్వీసు వేసేటప్పుడు మోచెయ్యి వంచకూడదని బావ, పొద్దున ఇంకో ముద్ద తిని ఉంటే గెలిచేదని నానమ్మ, ఆ టీచరు ఆడేవాళ్ళని ముందే మార్చి ఉండాల్సిందని అక్క మొదలుపెట్టారు. ముగ్గురూ ఒకేసారి. పిల్ల నడక పెంచి ముందుకెళ్ళిపోయింది. పిన్నికి కూడా ఆ సర్వీసు గురించి ఒక మాట చెప్పాలనిపించింది. చెప్పలేదు.