ఆవగింజంత

బడిలో సినిమా వేస్తారని తెలిసినప్పటి నుంచి దేవమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. వికారాబాద్ నుంచి సర్కారు జీపు వస్తుందట, తెర కడతారట, బొమ్మలు నడుస్తాయట, మాట్లాడతాయట. పిల్లలు తల్లులను కూడా వెంటబెట్టుకుని రావాలని చంద్రశేఖర్ సారు మరీ మరీ చెప్పాడు.

"నువ్వు రాకుంటె నేను గూడ పోనమ్మా" అని బిడ్డ కొంగు పట్టుకుంటే మొగులమ్మ కాదనలేకపోయింది. తాండూరు పక్క బండల గనిలో ఆ పూట కూలి పోతే పోయిందిలే అనుకుంది.

ఆ పిల్ల అంత ముచ్చటపడి ఏదైనా అడిగి ఏడాది దాటింది. అంతకుముందు దేవమ్మకు బడి లేదు. తల్లీ తండ్రీ గనిలో రాళ్లు మోస్తుంటే, గట్టు మీద గొంగడి నీడన తమ్ముణ్ని చూసుకోవడమే ఆ పిల్ల పని. తమ్ముడు పోయాకే చేతికి పలక వచ్చింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, తెలియనిదెవరికి?

మధ్యాహ్నం బడి కిటికీలకు గొంగళ్లు కట్టి చీకటి చేశారు. పిల్లలు ముందు నేల మీద, తల్లులు వెనక గోడ పక్కన. తెర మీద ఒక ఇల్లు, ఇంట్లో ఊయల, ఊయల పక్కన కూలిపనికి పోయే తల్లి, చేతినిండా గాజులు.

"కూలిదానికి గన్ని గాజులా!" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. మొగులమ్మ కూడా నవ్వింది.

సినిమా మాటలు హిందీలో వస్తుంటే, సారు తెర పక్కన నిలబడి తెలుగులో చెబుతున్నాడు. "సూడుండ్రి, పసిపిల్లగాడు ఏడుస్తుండు. తల్లి డబ్బ తీసింది. అండ్ల ఏమున్నది?"

"నల్లమందు!" పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

సర్కారు నల్లమందు దుకాణాలు మూసేసినా, చాటుగా దొరుకుతూనే ఉంది ఆ మందు. గనికి పోయే ఏ ఇంట చూసినా ఒక డబ్బీ ఉంటుంది. ఆవగింజంత చిటికెనవేలికంటించి పసివాడి నాలుకకు రాస్తే, పొద్దు తిరిగేదాకా నిద్రపోతాడు. పిల్లాడు ఏడిస్తే తల్లి పని ఆపుతుంది, పని ఆగితే గుత్తేదారు నోరు లేస్తుంది. ఆ సినిమా తీసిన మహానుభావుడికి ఊయల దొరికింది, గాజులు దొరికాయి, గని మాత్రం దొరకలేదు.

తెర మీది తల్లి ఒకసారి పెట్టింది. పిల్లవాడు మళ్లీ ఏడిస్తే మళ్లీ పెట్టింది. ఊయల ఊగి ఊగి ఆగింది. డాక్టరు వచ్చి పసివాడి కనురెప్ప ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"గది నిద్ర గాదు పిల్లలూ" అన్నాడు సారు. "సావు. నల్లమందు ఎక్కువైతె పసిపిల్లలకు ఊపిరి ఆడది."

మొగులమ్మకు కొడుకు పోయిన రోజు కళ్ల ముందుకు వచ్చింది. ఆనాడు గట్టు మీదికి పాలివ్వడానికి వచ్చినప్పుడు దేవమ్మ ఎంత గొప్పగా చెప్పిందో! "తమ్మునికి పండ్లొస్తున్నయమ్మా, మస్తు ఏడ్సిండు. ఇంకింత పెట్టి మంచిగ పండవెట్టిన." గుడ్డ తీసి చూస్తే పసివాడి పెదాలు నీలంగా ఉన్నాయి. గాలి సోకిందన్నారు, దిష్టి తగిలిందన్నారు, మైసమ్మకు కోడిని కోశారు. ఆ ఏడుపుల్లో 'ఇంకింత' అన్న మాట ఎవరికీ పట్టలేదు.

గొంగళ్లు తీసి వెలుగు రాగానే, ముందు వరసలోంచి దేవమ్మ వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఆ చూపు తర్వాత ఇక అడగాల్సిందేమీ లేదు.

ఇంటికి రాగానే పిల్ల జాలాడి దగ్గర, అంట్లు తోమే చోట కూర్చుని చిటికెనవేలు బండకేసి రుద్దడం మొదలుపెట్టింది. బూడిద వేసి రుద్దింది, నీళ్లు పోసి మళ్లీ రుద్దింది. తండ్రి మల్లప్ప గని నుంచి వచ్చేసరికి వేలి కొన తోలు లేచి నెత్తురు వస్తోంది.

"ఏమైందే దీనికి?" అని ఆయన అడిగితే, మొగులమ్మ పొయ్యి దగ్గర గొంతు తగ్గించి అంతా చెప్పింది. మల్లప్ప గడపలో కూలబడ్డాడు. నడుం నొప్పికని ఆ డబ్బీ ఇంటికి తెచ్చింది ఆయనే.

పోయినవాడి కడుపుకోత ఎలాగో మోస్తూనే ఉన్నారు. మరి ఈ ఉన్న పిల్ల సంగతి? ఇంత చిన్న నెత్తి మీద ఇంత బరువు పడితే, పెద్దదయ్యేదాకా బతుకుతుందా? మొగులమ్మకు ఆ భయం పట్టుకుంది. లేచి వెళ్లి బిడ్డ చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు బిడ్డా గట్ల రుద్దుతవు?"

"నేను రెండుసార్లు పెట్టిన."

"పెడితె ఏమాయె? నీకిచ్చిన డబ్బల నల్లమందు లేకుండె. నల్లవడ్డ పాతబెల్లముండె."

దేవమ్మ రుద్దడం ఆపింది.

"పిల్లదాని చేతికి నల్లమందు ఇస్తనా నేను? అసలుది పొద్దుగాల్నే నేనే పాలల్ల కలిపి తాపుతుంటి. ఆ దినం ఎక్కువైంది."

"అబద్ధం. నేను ఓపాలి నాకి సూసిన. చేదుండె."

గడపలో మల్లప్ప తలెత్తాడు. జవాబు కోసం ఆ తల్లి మనసు ఎక్కడెక్కడ వెతికిందో దేవుడికే తెలియాలి.

"ఏపాకు నూరి కలిపిన. బెల్లమని తెలిస్తె నువ్వే తింటవని."

బెల్లం దొంగ అని దేవమ్మకు ఇంట్లో పాత పేరే. పిల్ల తండ్రి వైపు చూసింది. "ఔ" అన్నాడు మల్లప్ప, నేల చూస్తూ.

దేవమ్మ తన వేలు చూసుకుంది. తర్వాత తల్లి చేతులు చూసింది.

"అయితె తమ్ముణ్ని నువ్వే సంపినవా?"

ఆ మాట వస్తుందని తెలిసే అబద్ధమాడింది మొగులమ్మ. అయినా అది బిడ్డ నోటి నుంచి వచ్చేసరికి తట్టుకోలేకపోయింది. పూర్తిగా అబద్ధం అనడానికి మాత్రం ఏముంది? ఆ డబ్బీ పిల్ల చేతిలో పెట్టింది ఎవరు?

"ఔ బిడ్డా. నేనే."

పిల్ల తన చెయ్యి విడిపించుకుంది.

వేలికి తండ్రి చేతనే గుడ్డ కట్టించుకుంది. పొద్దు గూకే వేళకు మొగులమ్మ జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది నోటి దగ్గరికి తీసుకుపోతే దేవమ్మ మొహం తిప్పుకుంది.

"నువ్వు పెట్టకు. నాయిన పెడ్తడు."

మల్లప్ప పెళ్లాం వైపు చూశాడు. పెట్టమని ఆమె సైగ చేసింది. పొద్దున ఎప్పుడో తిన్న పిల్ల, ఆత్రంగా తిన్నది. అది కాగానే ఇంకో రొట్టె కావాలంది. మొగులమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుని, బిడ్డ నములుతున్న చప్పుడు వింటూ ఇంకో రొట్టె తట్టింది.