కెప్టెన్ పెట్టిన టిక్కులు

కాగితం మీద ప్రశ్న ఒక్కటే: ఈ కోచ్‌ను కొనసాగించాలా, వద్దా? జట్టులో ఐదుగురు ఉండాలన్నారట, ఐదుగురు వద్దన్నారట. మిగిలింది ఆసుపత్రిలో ఉన్న మా జూనియర్ బుడ్డి, కెప్టెన్‌నైన నేను. సాయంత్రం ఐదింటికల్లా ప్రిన్సిపాల్ మేడమ్‌కు రాసివ్వాలి.

ఆయన రాకముందు మా కాలేజీ వాలీబాల్ జట్టు మొదటి రౌండ్ దాటిన పాపాన పోలేదు. వచ్చాక రెండేళ్లలో రెండు కప్పులు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ సీటు ఇప్పించింది ఆయనే. ఒకసారి కోపంలో బంతిని నా మొహాన విసిరికొట్టాడు. మర్నాడే మా నాన్న ఆపరేషన్‌కు రక్తం ఇచ్చాడు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

ఆయన పద్ధతి ఒకటుంది. రోజూ ఆటకు ముందు కెప్టెన్ నోటుబుక్కులో అందరి పేర్ల ఎదుటా టిక్కు పెట్టాలి. టిక్కంటే ఆ మనిషి ఆడగలదని. ఒక్క ఖాళీ ఉన్నా జట్టంతా గ్రౌండ్ చుట్టూ ఇరవై రౌండ్లు పరిగెత్తాలి. అందుకే నేను ఎవర్నీ అడగకుండా, హాస్టల్ మంచం మీదే టిక్కులన్నీ పెట్టేసి వచ్చేదాన్ని.

ఫైనల్ రోజూ అంతే. బుడ్డి వారం నుంచి కాలీడుస్తోందని చూస్తూనే ఉన్నాను. చివరి పాయింటుకు ఎగిరి కిందపడింది, ఇక లేవలేదు. కప్పు మాకే వచ్చింది. దాని మోకాలి కింద ఎముక విరిగింది.

అమ్మకు ఫోన్ చేశాను.

"ఆయన లేకపోతే నువ్వెక్కడుండేదానివే?"

"బంతి మొహాన కొట్టాడని చెప్పానుగా అమ్మా."

"చెప్పావు. ఆ రోజు నేనూ ఏడ్చాను. అయినా..."

ఫోన్ పెట్టేసి బస్సెక్కాను.

ఆసుపత్రిలో బుడ్డి కట్టుకాలిని దిండు మీద పెట్టుకుని ఉంది.

"రావమ్మా కెప్టెనూ! కట్టు మీద సంతకం పెట్టు. టిక్కు మాత్రం పెట్టకు."

నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఆ రోజు నొప్పిగా ఉందా?"

"ఇప్పుడా అక్కా అడిగేది?"

"అప్పుడడిగితే చెప్పేదానివా?"

"ఏమో. కప్పు కావాలనిపించింది." దుప్పటి అంచు లాక్కుంది. "ఇందాకే సారుని ఉంచమని రాసిచ్చాను. మా చెల్లి వచ్చే ఏడాది మన జట్టులో చేరతానంది. దాన్ని మాత్రం ఒద్దన్నాను."

"మరి ఉంచమన్నావేం?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ఐదింటికి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని రాశాను: 'మా జూనియర్ ఆడగలదని టిక్కు పెట్టింది నేను. తనని అడగలేదు. ఖాళీ వదలాలంటే భయం. ఆ భయం పెట్టింది కోచ్ గారు.'

మేడమ్ చదివి కళ్లజోడు తీశారు. "ఇంతకీ ఉండాలనా, వద్దనా?"

"తెలియడం లేదు మేడమ్. ఇది మాత్రం తెచ్చాను."

నోటుబుక్కు అందించాను. ఆవిడ ఒక్కో పేజీ తిప్పారు. రెండేళ్లూ నా టిక్కులే, ఒక్క ఖాళీ లేదు.

"రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఎవరికీ ఏ నొప్పీ రాలేదా అమ్మా?"