నేను కడగని క్యాన్లు

"ఇది కూడా కడిగి పెట్టు. నీ చేతిలో పడితే తెల్లబడని సామానుందా" అంటూ మా ఆయన ఆదివారం పొద్దున్నే పది లీటర్ల ప్లాస్టిక్ క్యాను ఒకటి తెచ్చి పెరట్లో కుళాయి కింద పెట్టాడు. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో నా పని గురించి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఉబ్బిపోయాను. ఆ ఉబ్బులోనే మూత తీసి, అలవాటు కొద్దీ చేత్తో గాలి ముక్కు వైపు విసురుకున్నాను. లోపలి నుంచి సన్నగా తియ్యటి వాసన వచ్చింది. ఉబ్బంతా అక్కడే దిగిపోయింది.

నేను సీసాలు కడుగుతాను. మందుల నమూనాలు పరీక్షించే ల్యాబులో, పదకొండేళ్లుగా. ఉద్యోగం వచ్చిన రోజు మా అత్తగారు "ఇంట్లో తోమేదే అక్కడా తోముతుంది, అందులో వింతేముంది" అన్నారు. "అక్కడ తోమితే జీతమిస్తారమ్మా" అని మా ఆయన నవ్వాడు. ఇంట్లో తోమితే ఎందుకివ్వరో వాళ్లిద్దరికీ తోచలేదు. నిజం చెప్పొద్దూ, అప్పట్లో నాకూ తోచలేదు. అసలు నేనక్కడ తోమను. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. గాజుసీసానైతే బ్రష్షు పెట్టి రుద్దొచ్చు. ప్లాస్టిక్‌ని రుద్దితే లోపల కంటికి సరిగా ఆనని గీతలు పడతాయి, వాటిల్లో మురికి చేరి తిష్ఠ వేస్తుంది, ఇక దాన్ని లేపడం ఎవరి తరమూ కాదు. వాడిన వెంటనే, ఎండిపోకముందే, నీళ్లు పోసి గిలకరించాలి. తర్వాత సబ్బునీళ్లు, తర్వాత కుళాయినీళ్లు, చివర్న శుద్ధి చేసిన నీళ్లతో మూడుసార్లు. గుడ్డతో తుడవకూడదు, బోర్లించి ఆరనివ్వాలి. వీటన్నిటికంటే ముందు అందులో ఏం పోశారో కనుక్కోవాలి. గాజు దేన్నీ పీల్చుకోదు. ప్లాస్టిక్ కొన్నిటిని పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని తర్వాత తీరిగ్గా వదులుతుంది. అలాంటి సీసా కనపడితే అడుగున చిల్లు పెట్టి పారేస్తాం. చిల్లు ఎందుకంటే, నిక్షేపంలా కనపడే సీసాని ఊరికే పారేస్తే ఎవరో ఒకరు ఇంటికి పట్టుకుపోతారు. ఇంతా చేశాక ట్రే మీద 'శుభ్రపరచబడినది' అని కార్డు పెడతారు. దాని మీద సంతకం మా సూపర్‌వైజర్ గారిది. ఆ చేతికి తడి అంటగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇందులో ఏముండేదండీ?" అనడిగాను.

మా ఆయన రంగుల ఫ్యాక్టరీలో గోడౌను చూస్తాడు. "ఏదో ద్రావకం, రంగు పల్చన చేసేది. ఖాళీవి గుట్టలు గుట్టలు పడున్నాయి. గట్టి సరుకు, తాగేనీళ్లకి బాగుంటుంది."

"తాగేనీళ్లకా? పనికిరాదు."

"నువ్వు కడుగుతావుగా."

"నేను కడిగినా పనికిరాదు."

ఆయన మొహం చిట్లించాడు. "మా చెల్లికి రెండిచ్చి మూడు వారాలైంది. వాళ్లకేమైంది? హాయిగా తాగుతున్నారు."

మూత నా చేతిలోంచి జారిపోయింది. "వాటినెవరు కడిగారు?"

"నేనే రెండుసార్లు నీళ్లు పోసి తిప్పాను. నువ్వు ల్యాబులో కడిగి తెచ్చావని చెప్పాను. లేకపోతే అది పుచ్చుకునేలా లేదు మరి."

అదన్నమాట సంగతి. నా చేతి మీద ఆయనకి హఠాత్తుగా అంత గురి ఎందుకు కుదిరిందా అనుకున్నాను. పదకొండేళ్లుగా నేను కడిగిన సీసాల్లో ఒక్కదాని మీదా నా పేరు లేదు. నేను ముట్టుకోని రెండు క్యాన్లు మాత్రం నా పేరు చెప్పుకుని ఒకరి వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాయి. మా ఆడపడుచు వాళ్లన్నయ్య మాట అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. నన్ను నమ్మింది. ఆ ఇంట్లో ఆరేళ్ల పిల్ల ఉంది. వెంటనే ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి చెప్పులేసుకుని, పనిముట్ల పెట్టెలోంచి సుత్తీ పెద్ద మేకూ తీసి సంచిలో పడేసుకున్నాను.

"ఆడపిల్ల ఇంటికెళ్లి మొగుడి పరువు తీస్తావా?" అని అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"మీ మనవరాలు తాగుతోందత్తయ్యా ఆ నీళ్లు" అన్నాను. ఆవిడ పక్కకి తప్పుకున్నారు.

మా ఆయన బస్టాపు దాకా పరుగున వచ్చి నాతోపాటే బస్సెక్కాడు. పక్కన కూర్చుని గొంతు తగ్గించి బతిమాలాడు. "కారుతున్నాయని చెప్పు. అడుగు పల్చగా ఉందని చెప్పు. ఏదో ఒకటి చెప్పి తీసుకొచ్చేద్దాం. నా మాట పోకూడదు, అంతే." చెప్పొచ్చు, నాకది కొత్తేమీ కాదు. ఆయన చెల్లెలి పుట్టినరోజు మరిచిపోయిన ఏడు నాకు జ్వరం వచ్చిందని చెప్పాను. ఫ్యాక్టరీలో ఎవరితోనో గొడవపడి రెండ్రోజులు ఇంట్లో కూర్చుంటే నడుం పట్టిందని చెప్పాను. ఆయన జారవిడిచిన ప్రతి మాటకీ వెనకాలే తడిగుడ్డ పట్టుకుని తిరిగాను. చెడ్డవాడేమీ కాదు, తుడిచేదాన్ని నేనున్నాను కాబట్టి చూసుకోకుండా నడవడం అలవాటైపోయింది. ఇప్పుడు కారుతున్నాయని చెబితే, కారనివి ఇంకో రెండు తెచ్చిస్తాడు. గోడౌనులో గుట్టలున్నాయి.

తలుపు తీసిన ఆడపడుచు "ఏంటి వదినా, చెప్పాపెట్టకుండా" అని నవ్వుతూ లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. వంటింట్లో పీట మీద క్యాన్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాటికి తెల్లటి గుడ్డ కూడా కప్పింది, పాపం.

గ్లాసు అందుకోలేదు. "అమ్మాయీ, ఆ క్యాన్లు నేను కడగలేదు."

ఆమె వాళ్లన్నయ్య వైపు చూసింది. ఆయన గోడ మీది గడియారం వైపు చూశాడు.

"నేను కడిగినా వాటిలో నీళ్లు తాగకూడదు. ద్రావకం పోసిన క్యాన్లు అవి. ఎంత కడిగినా వదలదు."

"చెప్పానా అమ్మా" అంది లోపలి గదిలోంచి పిల్ల.

ఆడపడుచు కుర్చీలో కూలబడింది. "మూడు వారాలుగా దీన్ని తిడుతున్నాను వదినా. నీళ్లు వాసనొస్తున్నాయి, తాగనంటుంది. మాకూ మొదటి రోజు ఏదో అనిపించింది, కొత్త క్యాను కదా అనుకున్నాం. మీ అత్తయ్య కడిగి పంపిందే, నీకంటే ఆవిడకి తెలియదా అని దీని నెత్తిన మొట్టాను కూడా."

"మరేం తాగుతున్నావే?" అనడిగాను.

"బళ్లో సీసా నింపుకొస్తున్నా. ఆదివారమైతే పక్కింట్లో అడుగుతా" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నాకు ఏడుపొచ్చేసింది. పిల్ల ఆ నీళ్లు తాగనందుకు ప్రాణం కుదుటపడింది, దాని వెనకాలే ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల ముక్కు సరిగ్గానే పనిచేసింది. నా పేరు చెప్పి, ఆ ముక్కుది అబద్ధమని దాని నెత్తిన మొట్టారు. క్యాన్లు రెండూ ఈడ్చుకెళ్లి పెరట్లో నీళ్లన్నీ పారబోసి, తిరగేసి, అడుగున మేకు పెట్టి సుత్తితో కొట్టాను. ఒక్కోదానికి మూడేసి చిల్లులు.

"తిరిగి తీసుకెళ్దాం కదా, చిల్లులెందుకు?" అన్నాడు మా ఆయన.

"తీసుకెళ్తారనే."

ఆడపడుచు నా భుజం పట్టుకుంది. "నేనూ మా ఆయనా తాగాం కదా వదినా, ఏమవుతుంది?"

"నాకు తెలియదమ్మాయీ. తెలియంది తెలుసని చెప్పను. ఇవాళే డాక్టరుకి చూపించుకోండి. ఏ ద్రావకమో మీ అన్నయ్య ఇప్పుడే గోడౌనుకి ఫోన్ చేసి కనుక్కుంటారు." ఆయన ఫోన్ తీశాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా ఆయన గొణిగాడు. "దాని ముందు నన్ను దొంగని చేసి నిలబెట్టావు. ముందు నాతో ఒక్క మాట అనుండాల్సింది."

"నా పేరు వాడుకునేముందు మీరూ ఒక్క మాట అడిగుండాల్సింది" అన్నాను. ఇంటికొచ్చాక కుళాయి కింది క్యానుకి ఆయనే మేకు పెట్టాడు. సుత్తి సరిగా పట్టుకోవడం రాక వేలు కొట్టుకున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసింది. డాక్టరు చూసి ప్రస్తుతానికి భయం లేదన్నారట, రక్తపరీక్షలు రాశారట. పిల్లకి క్షమాపణ చెప్పానని కూడా చెప్పింది.

సోమవారం ల్యాబులో నాలుగు ట్రేలు ఆరి సిద్ధంగా ఉన్నాయి. సూపర్‌వైజర్ గారు ఎప్పట్లాగే జేబులోంచి పెన్ను తీశారు.

"సార్, కడిగింది నేను. సంతకం నేను పెడతాను" అన్నాను.

ఆయన తలెత్తారు. "ఎందుకమ్మా లేనిపోనిది. రేపేదైనా తేడా వస్తే నీ మీదికొస్తుంది."

"ఇన్నాళ్లూ నా మీదికే వచ్చింది కదా సార్."

నిరుడు పరీక్షల్లో అంకెలు తేడా వచ్చినప్పుడు 'కడిగేవాళ్ల అజాగ్రత్త' అని రిపోర్టులో రాసింది ఆయనే. అది గుర్తొచ్చినట్టుంది. ఒక్కో కార్డు మీదా తను సంతకం పెట్టే చోటుకి పైన ఒక గీత గీసి, 'కడిగినవారు' అని రాసి, పెన్ను నా చేతికిచ్చారు. మొదటి కార్డు మీద నా పూర్తి పేరు రాశాను. రెండోదీ, మూడోదీ రాసి పెన్ను తిరిగిచ్చేశాను.

"నాలుగోది మరిచిపోయావమ్మా" అన్నారాయన.

"మరిచిపోలేదు సార్. ఆ ట్రేలో ఒక ప్లాస్టిక్ సీసాకి లోపల గీత పడింది" అని చెప్పి, చిల్లు పెట్టే మిషను తేవడానికి లేచాను.