కింది పెదవి కుట్టు

బాలకిషన్ దారం కొసను నోటి దాకా తీసుకువెళ్ళి, గుర్తొచ్చి ఆగి, పక్కనున్న స్టీలు గ్లాసులో ముంచాడు. చార్మినార్ దగ్గరి ఈ కొట్లో ముత్యాలు గుచ్చేవాళ్ళందరూ పట్టుదారం కొసను పెదవుల మధ్య తడిపి, వేళ్ళతో మెలిపెట్టి, సూది లేకుండానే గుచ్చుతారు. అతను పోయిన వారం నుంచి నీళ్ళతో తడుపుతున్నాడు. నీళ్ళకు కొస నిలబడదు. ఉమ్మికున్న జిగురు నీళ్ళకు లేదు.

తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మడిస్తే వాపు బిగుసుకుపోతుంది. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడదు. ఎవరూ కొట్టకుండానే కళ్ళ చుట్టూ కమిలిన మచ్చలు. నాలుక నోటికి పట్టనంత లావెక్కింది. దాని అంచుల మీద పళ్ళ ముద్రలు. మాట ముద్దగా వస్తుంది, లోపల ఏదో దాచుకుని మాట్లాడుతున్నట్టు.

కొట్లో అందరూ అనుకునేదీ అదే. ముత్యం దాచడానికి నోటిని మించిన చోటు లేదు. అందుకే సాయంత్రం కొట్టు మూసేముందు గుచ్చేవాళ్ళు నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించి వెళ్ళాలి. బాలకిషన్ నాలుక ఇప్పుడు పైకి లేవదు.

ఆ మధ్యాహ్నం పెళ్ళి హారానికి ఏరిపెట్టిన పెద్ద ముత్యం ఒకటి కనబడలేదు.

"ఏంది బాలకిషన్, దారం నోట్ల పెడ్తలేవ్?" అన్నాడు ప్రహ్లాద్. సేఠ్ లేనప్పుడు కొట్లో పెత్తనం అతనిదే. "లోపల జాగ లేదా?"

గుచ్చేవాళ్ళు నవ్వారు.

"బీమారున్నది అన్నా."

"మస్తు బీమారు. నోరు నిండే బీమారు." ప్రహ్లాద్ వంగి, రెండు వేళ్ళతో అతని కింది పెదవిని పట్టి బయటికి తిప్పాడు. లోపలివైపు నల్లదారంతో వేసిన కుట్టు. నవ్వులు ఆగిపోయాయి.

"కోసుకొని, లోపల పెట్టి కుట్టించుకున్నవారా?"

"పెట్టలే. తీసిన్రు. దవాఖానల."

"పెదవిలకెళ్ళి ఏం తీస్తరు? నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?"

"ఇయ్యాల్నే రమ్మన్నరు. నువ్వు సుత రా అన్నా. డాక్టరమ్మనే అడుగు."

"వస్త. అబద్ధమైతే అట్లకెళ్ళి అట్లనే ఠాణాకు."

ఇద్దరూ ఆటో ఎక్కారు. కొట్లో వారం నుంచి నడుస్తున్న అనుమానం గురించి పొద్దున చాయ్ ఇస్తూ భార్య ఆండాలు అన్న మాట బాలకిషన్‌కు గుర్తొచ్చింది. "నిజంగ దొంగతనం చేసినా బాగుండు. ఎట్లన్న ఆ పేరే పడ్డది, ఇంట్ల ఇంత బంగారమన్న ఉండు." జబ్బు పేరు ఏదైనా అతనికి ఒకటే. నీ నోట్లో ఏమీ లేదని ప్రహ్లాద్ వినేటట్టు ఒకరు చెప్పాలి. అంతే.

డాక్టర్ సుచరిత కుట్టు విప్పుతూ ఉంటే ప్రహ్లాద్ పక్కనే నిలబడి చూశాడు. లోపల ఏమీ లేదు.

"ఏం తీసిన్రు మేడమ్ ఈనకు?"

"లాలాజల గ్రంథులండి. పెదవి లోపల సగ్గుబియ్యం గింజల్లా ఉంటాయి. కొన్ని తీసి పరీక్ష చేశాం."

"గింజలా? తెల్లగ, గుండ్రంగ ఉంటయా?"

ఆమె అతని ముఖంలోకి చూసి, సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచింది. ఎర్రరంగు వేసిన పలుచని ముక్క. ఆమె ఏదో అద్దం తిప్పగానే ఎరుపులో లేత ఆకుపచ్చ మెరిసింది.

"ఆ పచ్చగా మెరిసేది అక్కడ ఉండకూడదు. అమిలాయిడ్ అంటారు. ఒంట్లో తయారయ్యే మాంసకృత్తు ఒకటి కరగకుండా పేరుకుపోతుంది. నాలుక అందుకే లావెక్కింది." ఆమె బాలకిషన్ వైపు తిరిగింది. "గుండెలో కూడా చేరి ఉంటుంది. ఇవాళే ఇక్కడ చేరిపోండి."

"అదంత తర్వాత తల్లీ. నా నోట్ల ఏం లేదని జర ఈనకు జెప్పు."

"ఏమీ లేదండి. ఉన్నది నాలుకే."

బాలకిషన్ తల ఊపాడు. పళ్ళెంలో పడి ఉన్న కుట్టు ముక్కలను చూశాడు. "ముడి మంచిగేసినవ్ తల్లీ," అన్నాడు.

బయటికి రాగానే ప్రహ్లాద్ అడిగాడు. "అదంత సరే. అయితే ముత్యమేది?"

ఆసుపత్రిలో చేరితే పారిపోయాడంటారు. బాలకిషన్ అతని వెనకే మళ్ళీ ఆటో ఎక్కాడు.

కుట్టు పోయింది కానీ పెదవి ఇంకా పచ్చిగానే ఉంది. కొట్లో మళ్ళీ గ్లాసే. ఒక ముత్యం, ఒక ముడి. ఒక ముత్యం, ఒక ముడి. మధ్యలో ఆగి, ఊపిరి కోసం గోడకు ఆనుకుంటున్నాడు. వీధిలో లైట్లు వెలిగాయి. పక్క కొట్లో గాజులు సర్దుతున్న చప్పుడు. గుచ్చేవాళ్ళు ఒక్కొక్కరే నోరు తెరిచి చూపించి వెళ్ళిపోయారు.

"నోరు తెరువ్," అన్నాడు ప్రహ్లాద్.

బాలకిషన్ గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది.

"నిన్నేరా." భుజం మీద చెయ్యి వేశాడు. బాలకిషన్ మెల్లగా పక్కకు ఒరిగాడు.

ఎస్టీడీ బూత్ నుంచి ఉప్పుగూడలో అతని ఇంటికి కబురు వెళ్ళింది. ఆండాలు వచ్చేసరికి ప్రహ్లాద్ వంగి, టార్చి వేసి, ఆమె మొగుడి నోట్లోకి చూస్తున్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. ఏడవలేదు.

"చూడు," అంది. "మంచిగ చూడు. దవడల్ల సుత చూస్కో. మల్ల దొరకడు."

ప్రహ్లాద్ టార్చి ఆర్పేశాడు. నోట్లో ఏమీ లేదని మాత్రం అనలేదు.

పరుపు మీద పూర్తికాని హారం ఉంది. దాని దారం కొస స్టీలు గ్లాసులోనే ఉండిపోయింది, నీళ్ళలో నానుతూ, పోగులు పోగులుగా విడిపోయి.